పిల్లల ఆట, పెద్దల పరువు

మన మిత్రులలో కొందరికి ఆటల ప్రస్తావన తెస్తే నొసలు చిట్లుతుంది. సాహిత్యాన్నీ సమాజాన్నీ విమర్శించవలసిన పత్రికలో బంతి గొడవ ఏమిటని వారి ప్రశ్న. వీరిలో మరీ పట్టుదల గలవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆట అనేది శ్రామికుని చూపు మళ్ళించటానికి ధనికవర్గం పారేసిన బొమ్మ అని తేల్చేస్తారు. దీనికి సరిగ్గా ఎదురుగా మరొక వర్గం ఉన్నది. అంతర్జాతీయ పోటీ అనేసరికి వారికి ఒళ్ళు పులకరిస్తుంది. పదిహేడేళ్ళ పిల్లలు దేశం చొక్కాలు తొడుక్కొని మైదానంలోకి దిగితే "దేశం పరువు" అని కేకలు పెడతారు. ఓడిపోతే మరునాటికి ఆ పిల్లల పేర్లు మరచిపోతారు. పైకి ఈ రెండు వర్గాలకూ చుక్కెదురు. లోపల ఇద్దరిదీ ఒకే చూపు. ఇద్దరూ ఆటను చూస్తారు, ఆడే పిల్లవాణ్ణి చూడరు. వాడు ఎవరి కొడుకు, ఏం తిని పెరిగాడు, ఏ బడిలో చదివాడు, ఆట ముగిశాక ఏమవుతాడు అన్న ప్రశ్నలు వేయనంతవరకు మన దేశపు బాలుర జట్టును మెచ్చుకొనే హక్కుగాని, తిట్టే హక్కుగాని ఎవరికీ లేదని నా వాదన.

ముందు మన మిత్రులకే జవాబు చెప్పుకోవాలి. ఫుట్‌బాల్ ధనికుల బొమ్మ అన్నవారు దాని చరిత్ర చదవలేదు. ఇవాళ కోట్లకు అమ్ముడుపోతున్న మాంచెస్టర్ యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్‌లోని రైల్వే కార్మికులు పెట్టుకొన్న జట్టు. ఆర్సెనల్ 1886లో వూలిచ్ ఆయుధాల కర్మాగారం పనివాళ్ళు కట్టుకొన్నది. మన దేశంలో 1911 జులైలో మోహన్ బగాన్ జట్టు, ఒక్కడు తప్ప అందరూ వట్టి కాళ్ళతో ఆడి, బ్రిటిష్ సైనిక జట్టును ఓడించినప్పుడు కలకత్తా వీథుల్లో పొంగిన జనం ధనికవర్గం కాదు. కార్మికుడు కట్టుకొన్నదాన్ని వ్యాపారి కాజేశాడు గనుక అది వ్యాపారిదే అనటం, దున్నేవాడి భూమిని దొర కాజేశాడు గనుక వ్యవసాయమే దొరల వ్యవహారం అన్నట్టుంటుంది. కాజేసినదాన్ని తిరిగి అడగటం మన పని. దాన్ని వదులుకొని దూరంగా నిలబడి నవ్వటం కాదు.

ఇక రెండో వర్గం సంగతి. 2017 అక్టోబరులో పదిహేడేళ్ళ లోపు బాలుర ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఢిల్లీ, కలకత్తా, గౌహతి, కొచ్చి, నవీ ముంబయి, మడగాం పట్టణాల్లో ఆటలు పెట్టారు. ఫుట్‌బాల్‌లో ఒకనాడు దేశానికే పాఠం చెప్పిన హైదరాబాదు ఆ పట్టికలో లేదు. పోటీ మొత్తానికి 13,47,133 మంది ప్రేక్షకులు వచ్చారు. అంతకుముందు ఏ బాలుర ప్రపంచకప్‌కూ అంతమంది రాలేదు. మన జట్టు అమెరికా చేతిలో 3-0తో, కొలంబియా చేతిలో 2-1తో, ఘానా చేతిలో 4-0తో ఓడింది. అక్టోబరు 9న కొలంబియా మీద 82వ నిమిషంలో జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోలు ప్రపంచకప్ పోటీలన్నిటిలోకీ భారతదేశానికి మొదటి గోలు. కేరింతలు ఆగకముందే, మరు నిమిషంలో కొలంబియా రెండో గోలు కొట్టింది. ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకొని మనవాళ్ళు ఏళ్ళ తరబడి పండుగ చేసుకొన్నారు. పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ళు శక్తి కొద్దీ ఆడారు. కాని మనం ఆ పోటీలో ఆడగలిగింది ఆతిథ్యం ఇచ్చినందువల్ల; పందిరి వేసినవాడికి పంక్తిలో చోటు ఇచ్చారు.

ఆ జట్టులో 21 మంది. అందులో ఎనిమిది మంది మణిపూర్ పిల్లలు. 2011 జనాభా లెక్కల ప్రకారం మణిపూర్‌లో మనుషులు 28 లక్షల పైచిలుకు. అదే లెక్కలో తెలుగువాళ్ళ గడ్డ ఎనిమిదిన్నర కోట్లకు దరిదాపు. ఎనిమిదిన్నర కోట్ల నుంచి ఆ జట్టులోకి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. నాయకుడు అమర్‌జిత్ సింగ్, గోలు కొట్టిన జీక్సన్ ఒకే ఊరివాళ్ళు, దాయాదులు. అమర్‌జిత్ తల్లి చేపలు అమ్మింది; జీక్సన్ తల్లి కూరగాయలు అమ్మింది. "దేశం పరువు" అని పెద్దలు దేనిని అంటున్నారో దానిని చేపల గంప, కూరగాయల గంప మోసిన తల్లులు పెంచారు. పరువు మాట ఎత్తేటప్పుడు ఈ గంపల బరువు కూడా ఎత్తవలసి ఉంటుంది.

తెలుగు పిల్లవాడు ఎందుకు లేడని అడిగితే మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది: మనవాళ్ళకు ఆ దేహం లేదు, కొండజాతుల వారికి పుట్టుకతోనే ఆ దమ్ము వస్తుంది. రెండోది: క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగింది. మూడోది: పెద్ద స్టేడియం, విదేశీ శిక్షకుడు, ప్రైవేటు అకాడమీ వస్తే అన్నీ చక్కబడతాయి. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

పుట్టుక సిద్ధాంతం మనకు కొత్త కాదు. చదువు కొందరి రక్తంలోనే ఉంటుందని ఇన్నాళ్ళూ చెప్పినవారే ఇప్పుడు పరుగు కొందరి రక్తంలోనే ఉంటుందంటున్నారు. మణిపూర్‌లో పేటపేటకూ ఒక ఆటల క్లబ్బు ఉన్నది. పిల్లవాడు నడక నేర్చిన నేల మీదనే బంతి నేర్చుకొంటాడు. ఇది రక్తం సంగతి కాదు, ఏర్పాటు సంగతి. 2023 మే నుంచి ఆ మణిపూర్ మంటల్లో పడింది. ఊళ్ళు ఖాళీ అయి జనం శిబిరాల పాలయ్యారు. పిల్లల దమ్మును పొగిడినవారిలో ఎంతమంది ఆ శిబిరాల గురించి నోరు విప్పారు? ఐస్‌లాండ్ అనే చిన్న దేశం 2016లో యూరప్ పోటీల్లో ఇంగ్లండును ఓడించింది, 2018లో ప్రపంచకప్ ఆడింది. ఆ దేశపు జనాభా మొత్తం కలిపినా మా వరంగల్ నగరంలో సగానికి రాదు. చలికాలంలో పిల్లలు ఆడుకొనేందుకు కప్పున్న మైదానాలు కట్టారు, పసిపిల్లలకు సైతం పట్టా ఉన్న శిక్షకులను పెట్టారు. అంతే. అక్కడ గాలిలో మంత్రమేమీ లేదు.

క్రికెట్ మింగిందన్న మాటలో సగం నిజం ఉన్నది. కాని ఒక ఆట ఇంకొక ఆటను ఊరకే మింగదు. మొదటి ఆటకు కూడు పెట్టే చేతులు తెగితేనే రెండో ఆట వచ్చి కూర్చుంటుంది. ఆ చేతులు ఏవో తెలియాలంటే హైదరాబాదు చరిత్ర చూడాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. 1943 నుంచి 1963లో చనిపోయేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆనాటి పోలీసుల గురించి తెలంగాణ రైతాంగానికి వేరే జ్ఞాపకాలు ఉన్నాయి, వాటిని నేను మరవలేదు. కాని పేద పిల్లవాడికి ఆట ఒక ఉద్యోగం అయిందన్న వాస్తవాన్ని కూడా దాచకూడదు. రహీం సాహెబు శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం ఆ చేతుల మీదుగానే దేశం జట్టుకు వెళ్ళాడు.

ఇంతటి మనిషి చేసిన పని ఏమిటి? బంతిని కాలికి అంటించుకొని పరుగెత్తకూడదని ఒక పోటీ పెట్టారు. చేతగాని కాలితోనే తన్నాలని ఇంకొక పోటీ పెట్టారు. పిల్లవాడు ఆటను ఆలోచించటం నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. ఒక పంతులు ఎక్కాలు నేర్పే పద్ధతిలో ఆట నేర్పాడు. ఆయన జీవితం మీద 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. మనవాళ్ళు టిక్కెట్టు కొనుక్కొని చూసి కన్నీళ్ళు పెట్టుకొన్నారు. కన్నీళ్ళు తుడుచుకొని బయటికి వచ్చాక, ఆ పంతులు చేసిన పని ఇవాళ ఏ బడిలో జరుగుతున్నదని అడిగినవారు నాకు తటస్థపడలేదు.

ఆయన పోయిన పదకొండేళ్ళకు, 1974లో, బాంకాక్‌లో ఆసియా యువకుల పోటీ జరిగింది. భారత జట్టుకు నాయకుడు హైదరాబాదు కుర్రవాడు షబ్బీర్ అలీ. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఫైనల్లో ఇరాన్‌తో 2-2గా ఆట సమానమై, రెండు దేశాలనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఈ దేశపు యువకుల జట్టు ఆసియా పోటీలో గెలిచింది ఆ ఒక్కసారే. దానికి నాయకత్వం వహించింది మన నేల మీద పుట్టినవాడు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఏ మూలనైనా ఉన్నదా? షబ్బీర్ అలీకి ధ్యాన్‌చంద్ పురస్కారం 2011లో ఇచ్చారు. బాంకాక్ విజయానికీ ఆ పురస్కారానికీ నడుమ ముప్పైయేడు సంవత్సరాలు.

మనకు దేహం లేదన్నవారు ఈ చరిత్రకు జవాబు చెప్పాలి. ముప్పై నలభై ఏళ్ళలో రక్తం మారదు, మారింది ఏర్పాటు. బడి నుంచి పేట జట్టుకు, పేట జట్టు నుంచి పోలీసుకో రైల్వేకో మిల్లుకో ఒక మెట్లదారి ఉండేది. ఆ మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. సర్కారు సంస్థలు ఆటగాళ్ళకు కొలువులు ఇవ్వటం తగ్గించాయి. పిల్లవాణ్ణి ఆటకు పంపితే నెలజీతం వస్తుందన్న ధైర్యం తండ్రికి పోయింది. మా వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడింది; ఆ నేల మీద ఇప్పుడు ఓ సిటీ పేరుతో ఇళ్ళ కాలనీ వెలిసింది. మిల్లుతో పోయింది జీతాలు మాత్రమే కాదు, సాయంత్రాలు కూడా. షిఫ్టు దిగిన కార్మికుడికీ వాని కొడుకుకూ కాళ్ళు చాపుకొనే జాగా అంటూ లేకుండా పోయింది.

మూడో జవాబు పెట్టుబడి. ప్రైవేటు వస్తే చక్కబడుతుందన్నారు. వచ్చింది. 2019లో పుణె జట్టు మూతపడగా దాని స్థానంలో హైదరాబాదు ఎఫ్‌సీ వెలసింది. 2021-22లో ఐఎస్ఎల్ కప్ గెలిచింది. మనవాళ్ళు మురిశారు. 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి పోయి పేరు మార్చుకొన్నది. సంతలో గొడ్డును ఒక గుంజ విప్పి ఇంకో గుంజకు కట్టినట్టు జట్టును కట్టారు. అభిమానిని ఎవరూ అడగలేదు. ఆ జట్టును చూసి ఆశ పెంచుకొన్న పిల్లలను అసలే అడగలేదు. లాభం లేనిచోట ఒక్క పూట కూడా నిలవని డబ్బు ఏడేళ్ళ పిల్లవాడు పదిహేడేళ్ళవాడు అయ్యేదాకా కాచుకొని కూర్చుంటుందా? పదిహేడేళ్ళ జట్టు పదిహేడో ఏట తయారు కాదు. ఏడో ఏటనే తయారు కావటం మొదలవుతుంది. పదేళ్ళు లాభం అడగకుండా పోషించగలిగింది ప్రజల బడి తప్ప మరొకటి లేదు.

ఆ బడి ఎట్లా ఉన్నది? నేను ఉండేది ఖిలా వరంగల్‌లో. రాతికోట లోపల ఇళ్ళు, రాతికోటకూ మట్టికోటకూ మధ్య ఇళ్ళు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం మా కోటలోని తోరణాన్ని తన చిహ్నంలో పెట్టుకొన్నది. తోరణానికి కాపలా ఉన్నది, టిక్కెట్టు ఉన్నది, రాత్రిపూట దీపాల ప్రదర్శన ఉన్నది. తోరణం చుట్టుపక్కల పుట్టిన పిల్లలకు మాత్రం ఖాళీ జాగా ఏడాదికేడాది తగ్గిపోతున్నది. వాళ్ళు మట్టికట్ట వాలులో, కందకం ఒడ్డున రెండు రాళ్ళు పెట్టి గోలు అనుకొంటారు. బంతి వాలు దిగి పోతే తెచ్చేవాడికి ఆ పూట ఆట సగం పోయినట్టే. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని షెడ్యూలులో రాసింది. రాసినవారు రాశారు. అద్దె భవనం మూడో అంతస్తులో, మెట్ల కింద మోటారు సైకిళ్ళు నిలిపే జాగాను ఆటస్థలంగా చూపి నడుస్తున్న ప్రైవేటు బడులను నేనే చూశాను. సర్కారు బడికి జాగా ఉంటే డ్రిల్లు మాస్టరు ఉండడు. డ్రిల్లు మాస్టరు ఉంటే బంతి ఉండదు. నేను కొన్నాళ్ళు పాఠాలు చెప్పిన ఒక బడిలో బంతి ఉండేది. గాలి తీసి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తనిఖీ అధికారి వచ్చిన రోజున గాలి కొట్టి బల్ల మీద పెట్టేవారు. పదో తరగతి పిల్లల ఆటల పీరియడు జనవరి నుంచి లెక్కల మాస్టరుకు పోయేది. ఎవరి మీదా ఫిర్యాదుగా చెప్పటం లేదు. మార్కులే మనిషి విలువ అయిన లోకంలో ఆ పెద్దమనుషులు మరొక రకంగా ఎట్లా నడుచుకొంటారు?

2017 పోటీకి ముందు ఢిల్లీ ప్రభుత్వం ఒక కార్యక్రమం పెట్టింది: ఒక కోటి పది లక్షల మంది పిల్లల చేత బంతి తన్నిస్తామన్నది. బడులకు బంతులు పంచారు, ఉత్సవాలు చేశారు. మంచిదే. కాని ఒకనాడు తన్నిన బంతికి మరునాడు మైదానం కావాలి గదా! ఉత్సవానికీ ఏర్పాటుకూ తేడా తెలియని పాలన ఇది. పెళ్ళినాడు ఊరందరికీ భోజనం పెట్టినవాడు ఊరి ఆకలి తీర్చానని చెప్పుకోడు, మనవాళ్ళు చెప్పుకొంటారు.

బాలుర జట్టులో వయసు దాచటం అనే జబ్బు ఒకటి ఉన్నది. 2009 నుంచి పదిహేడేళ్ళ ప్రపంచకప్‌లో మణికట్టు ఎముకను ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో చూస్తున్నారు. దొంగలను పట్టుకొంటున్నామని పెద్దలు సంతోషిస్తారు. పట్టుకోవలసిందే, పందొమ్మిదేళ్ళవాడు ఆడితే పదహారేళ్ళవాడి చోటు పోతుంది, ఆ నష్టపోయేవాడూ పేదవాడే. కాని కాగితం మార్చే చేయి ఎవరిది? పిల్లవాడిదా? కప్పు గెలిస్తే తన కుర్చీ నిలుస్తుందనుకొన్న శిక్షకుడిదీ, బడిలో చేర్చిననాడు నోటికి వచ్చిన తేదీ రాసిన గుమాస్తాదీ, పదిహేనేళ్ళకే కొడుకు ఏదో ఒకటి కావాలని తొందరపడే ఇంటి లేమిదీ. యంత్రం ఎముకను చూస్తుంది, ఇంటిని చూడదు. శిక్ష మాత్రం ఎముక గలవాడికే పడుతుంది.

బాలికల సంగతి ఇంకా కటువైనది. 2022 అక్టోబరులో పదిహేడేళ్ళ లోపు బాలికల ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. దానికి రెండు నెలల ముందు, పెద్దల కుర్చీల తగవు వల్ల మన ఫుట్‌బాల్ సమాఖ్యనే ఫిఫా సస్పెండు చేసింది. ఆగస్టు చివర ఎత్తివేసింది. తగవు పెద్దలది, ఆ రెండు వారాల దిగులు పిల్లలది. తరవాత ఆ పిల్లలు అమెరికా చేతిలో 8-0తో, మొరాకో చేతిలో 3-0తో, బ్రెజిల్ చేతిలో 5-0తో ఓడారు. నాయకురాలు అష్టమ్ ఉరావ్ జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ బాలిక. ఆమె గౌరవార్థం ఆమె ఇంటికి రోడ్డు వేశారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలికి వెళ్ళారు. ఇంతకు మించిన వ్యంగ్యం మన కథకులలో ఎవరైనా కల్పించగలరా? బిడ్డకు సన్మానం, కన్నవారికి దినకూలి. రెండూ ఒకే రోడ్డు మీద.

మన వైపు ఒక పేరు ఉన్నది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఎదిగింది. 2022లో క్రొయేషియాకు పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. ఆమెను చూపి "ప్రతిభ ఉంటే ఏదీ ఆపలేదు" అని ఉపన్యాసాలు ఇస్తారు. ఈ మాటను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఒక్కరు గోడ దూకారంటే గోడ లేదని అర్థం కాదు. దూకలేక ఆగిపోయిన ఆడపిల్లలను లెక్కపెట్టిన తరవాత ఆ ఉపన్యాసం ఇవ్వండి. పన్నెండో ఏట నిక్కరు వేసుకొని మైదానానికి పోతే వాడకట్టు ఏమంటుందోనన్న భయమే ఎన్ని కాళ్ళను ఇంట్లో కట్టివేసిందో ఏ సంఘం పుస్తకంలోనూ ఉండదు.

గెలిచినా ఓడినా పద్దెనిమిది దాటిన తరవాత ఏమిటి? 2010లో సమాఖ్య యువకుల కోసం ఒక జట్టును నిలిపింది. ఇండియన్ ఆరోస్ అని పేరు పెట్టారు. 2013లో మూసేశారు, 2017 పిల్లలు ఎటుపోవాలో తెలియక మళ్ళీ తెరిచారు, 2022లో మళ్ళీ మూసేశారు. ఎవరి పొలంలోనైనా నారు పోసి, పీకి, మళ్ళీ పోసి, మళ్ళీ పీకితే ఊరు నవ్వుతుంది. ఇంత అస్తవ్యస్తంలోనూ పిల్లలు తలెత్తుతూనే ఉన్నారు. 2018లో ఇరవై ఏళ్ళ లోపు జట్టు స్పెయిన్‌లో అర్జెంటీనా యువకులను 2-1తో ఓడించింది. 2025 నవంబరు చివర అహ్మదాబాదులో పదిహేడేళ్ళ లోపు జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా పోటీలకు అర్హత సంపాదించింది. కాబట్టి పిల్లలలో లోటు లేదు. ఈ గెలుపులను చూపి తమ విధానమే గొప్పదని పెద్దలు చెప్పుకొంటే మాత్రం నమ్మవద్దని మనవి. పిల్లలు గెలిచింది ఆ విధానం వల్ల కాదు, దాన్ని తట్టుకొని.

మరి ఏం కావాలి? స్టేడియాలు కావు. గచ్చిబౌలిలో స్టేడియం ఉన్నది. 2024లో అక్కడ భారత జట్టు ఆడి, సిరియా చేతిలో 3-0తో ఓడింది. కావలసినవి నాలుగు. చట్టంలో రాసిన ఆటస్థలం ప్రతి బడికీ నిజంగా ఉండాలి. లేని ప్రైవేటు బడికి గుర్తింపు ఇవ్వకూడదు. ప్రతి ఉన్నత పాఠశాలకూ డ్రిల్లు మాస్టరు ఉండాలి, అతని పీరియడును ఎవరూ తీసుకోకూడదు. బడులకు మండల స్థాయిలో ఏడాది పొడుగునా లీగు జరగాలి. ఏటా రెండు రోజులు పోటీలు పెట్టి కప్పు చేతిలో పెట్టి పంపటం ఆట నేర్పటం కాదు. నాలుగోది, ఆటకు వచ్చిన పిల్లవాడికి పద్దెనిమిది దాటేదాకా తిండీ చదువూ, దాటిన తరవాత పనీ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ అసాధ్యం కాదు. ఒక్క బడిపంతులు సైకిళ్ళ కాలంలో చేసి చూపించిన పనికి ఇంత పెద్ద ప్రభుత్వం దగ్గర సాధనాలు లేవంటే నమ్మేదెవరు?

ఇది రచయితల పని కాదని ఇంకా ఎవరైనా అంటే, వారికి చివరి మాట. బాల్యం మీద మనం ఎన్నో కవితలు రాశాము, కథలు రాశాము. హోటలులో కప్పులు కడిగే పిల్లవాడి కోసం కన్నీరు కార్చాము. కాని ఆ పిల్లవాడికి కావలసింది జాలి ఒక్కటే కాదు. కూడు, పలక, వాటితోపాటు ఆడుకొనే జాగా కూడా అతని హక్కు. ఆ హక్కు కోసం మండలాఫీసు ముందు నిలబడవలసి వస్తే కవి కూడా నిలబడాలి. వచ్చే ఏడు మన జట్టు ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది అన్నది నాకు రెండో ప్రశ్న. మీ ఊరి బడికి ఆటస్థలం ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న. పాఠకులు ముందు దానికి జవాబు వెతకాలి.